లెక్టిన్లు: చక్కెరను గుర్తుపట్టే మాంసకృత్తులు, క్యాన్సర్

క్యాన్సర్ వ్యాధి ఒక ఇంట అడుగుపెట్టిందని తెలియగానే ఆ ఇంటివారికి సలహాలు నలుదిక్కుల నుండి వచ్చి పడతాయి. "చక్కెర పూర్తిగా మాన్పించండి, గడ్డ దానంతట అదే ఎండిపోతుంది" అని ఒకరంటే, "ఫలానా గింజలు పచ్చివే నూరి త్రాగించండి, క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకొనే పదార్థం వాటిలో ఉన్నదట" అని మరొకరంటారు. మొదటి సలహా దాదాపు పూర్తిగా పొరపాటు. రెండవదానిలో మాత్రం ఒక శాస్త్రసత్యపు తునక దాగి ఉన్నది. ప్రమాదం వచ్చేది సరిగ్గా ఆ తునక వల్లనే. అది ఏమిటో, దానిని నమ్ముకొని ఎంతదూరం నడవవచ్చునో, ఎక్కడ ఆగిపోవలెనో పాఠకులకు వివరించవలెనన్నదే నా ప్రయత్నం. చాలాకాలం కళాశాలలో జీవరసాయనశాస్త్రం బోధించినవాడను. మన వైద్యగ్రంథాల మీద గౌరవం కలవాడను. ఈ విషయంలో ఆ రెండింటికీ వైరం లేదని చివరకు మీకే తెలుస్తుంది.

ఇది కాఫీలో వేసుకొనే చక్కెర కాదు

చక్కెర అనగానే మనకు చెరకు చక్కెర ఒక్కటే గుర్తుకు వస్తుంది. రసాయనశాస్త్రంలో చక్కెరలది పెద్ద కుటుంబం. గ్లూకోజు, గెలాక్టోజు, మానోజు, ఫ్యూకోజు, సయాలిక్ ఆమ్లం మొదలైనవన్నీ ఆ కుటుంబంలోనివే. ఇవి ఒకదానికొకటి అతుక్కొని చిన్న చిన్న గొలుసులుగా ఏర్పడి, కణం పైపొరలోని మాంసకృత్తులకూ కొవ్వులకూ తగులుకొని ఉంటాయి. లేత బెండకాయ మీది నూగును తలచుకొంటే చాలు. మన దేహంలోని ప్రతి కణం మీదా అటువంటి చక్కెర నూగు ఒకటి ఉన్నది.

ఆ నూగు అలంకారం కోసం కాదు. రక్తపు గ్రూపులనే చూడండి. ఎ గ్రూపు వారి ఎర్రకణాల మీది గొలుసు చివర ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెర ఉంటుంది. బి గ్రూపు వారికి అదే చోట గెలాక్టోజు ఉంటుంది. ఏబి వారికి రెండూ ఉంటాయి; ఓ వారికి ఆ చివరి చక్కెర ఉండదు. ఈ ఒక్క చక్కెర తేడా వలననే ఒకరి రక్తం మరొకరికి ప్రాణాపాయం అవుతున్నది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం ప్రకటించిన అరుదైన గ్రూపు వారికయితే ఆ గొలుసు మీద ఫ్యూకోజు కూడా లేదు. వారికి ఓ గ్రూపు రక్తం సైతం పనికిరాదు. అంటే, కణం ఎవరిదో, ఎటువంటిదో చెప్పే చిరునామా ఈ చక్కెర గొలుసుల మీదనే వ్రాసి ఉన్నదన్నమాట.

చక్కెర మాన్పించే సలహాకు సమాధానం కూడా ఇక్కడే చెప్పివేస్తాను. గొలుసులకు కావలసిన చక్కెరలను కణం తనంతట తానే గ్లూకోజు నుండి తయారుచేసుకొంటుంది. మనం తీపి తినకపోయినా అన్నం నుండి, చివరకు ఉపవాసంలో సైతం కాలేయం నుండి, రక్తంలోకి గ్లూకోజు వస్తూనే ఉంటుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా పీల్చుకొంటాయన్న మాట నిజమే; పెట్ స్కాన్ పరీక్ష ఆధారపడినది దానిమీదనే. అయితే రోగికి మిఠాయి మాన్పించినంత మాత్రాన గడ్డ పస్తు ఉండదు. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు తీపి తగ్గించుకోవలసిందే. కాని చికిత్సలో బరువు తగ్గిపోతున్న మనిషికి పాయసం, పండు కూడా నిషేధించి నీరసపెట్టడం మంచిది కాదు.

ఆముదపు గింజ చెప్పిన తొలి పాఠం

చిరునామా వ్రాసి ఉంటే దానిని చదివేవారు ఉండవలెను కదా! చక్కెర గొలుసులను గుర్తుపట్టి పట్టుకొనే మాంసకృత్తులకు లెక్టిన్లు అని పేరు. వీటి కథ ఆముదపు గింజతో మొదలయింది. 1888లో డోర్పట్ విశ్వవిద్యాలయంలో (ఇప్పుడు ఆ ఊరు ఎస్టోనియా దేశంలోని టార్టు) స్టిల్‌మార్క్ అనే విద్యార్థి ఆముదపు గింజల సారాన్ని రక్తంలో కలిపి చూడగా ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కొని ముద్దకట్టాయి. అందుకు కారణమైన పదార్థానికి అతడు రిసిన్ అని పేరు పెట్టాడు. కొద్ది సంవత్సరాలలోనే మన గురివింద గింజలోనూ ఇటువంటిదే ఒక విషపు మాంసకృత్తు బయటపడింది. దాని పేరు అబ్రిన్. జర్మనీలో పాల్ ఎర్లిక్ ఈ రెండింటినీ ఎలుకలకు కొద్దికొద్దిగా అలవాటు చేసి, రిసిన్‌ను తట్టుకొన్న ఎలుక అబ్రిన్‌ను తట్టుకోలేదని 1891లోనే చూపాడు. రోగనిరోధక శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఇదొకటి.

అమెరికాలో సమ్నర్ అనే శాస్త్రజ్ఞుడు మన తమ్మచిక్కుడుకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ నుండి 1919లో ఒక మాంసకృత్తును స్ఫటికాలుగా వేరుచేశాడు. అది కూడా ఎర్రకణాలను ముద్దకట్టిస్తుందనీ, చెరకు చక్కెర కలిపితే ఆ ముద్దకట్టడం ఆగిపోతుందనీ 1936లో ఆయన, హోవెల్ కలిసి గమనించారు. కణం మీది చక్కెరను పట్టుకోవలసిన చేతిలో విడి చక్కెర పెడితే ఆ చేయి నిండిపోయి కణాన్ని వదిలివేస్తున్నదన్నమాట. ఈ మాంసకృత్తులు పట్టుకొనేది చక్కెరనేనని అంత తేటగా తెలియడం అదే ప్రథమం. లెక్టిన్ అన్న పేరు 1954లో బాయిడ్, షేప్లే అనే వారు పెట్టినది. ఏరుకొనుట, ఎంచుకొనుట అని అర్థమిచ్చే లాటిన్ మాట నుండి తీసుకొన్నారు. ఒక జాతి చిక్కుడు గింజ సారం ఎ గ్రూపు రక్తాన్ని మాత్రమే ఎంచుకొని ముద్దకట్టించడం చూసినవారు గనుక ఆ పేరు తోచింది.

నా విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఒక ప్రయోగం తప్పక చేయించేవాడిని. పచ్చి రాజ్మా గింజలను నూరి ఉప్పునీటిలో నానబెట్టి వడగట్టిన సారం ఒక చుక్క, కడిగిన ఎర్రకణాలు ఒక చుక్క తెల్లని పింగాణీ పలక మీద కలిపితే, కొద్దిసేపటిలో విరిగిన పాలవలె కణాలు గుంపులుగా విడిపోతాయి. అదే సారాన్ని బాగా మరగకాచి చల్లార్చి వేస్తే ఏమీ జరగదు. ఈ రెండు చుక్కల మధ్య తేడాను మనసులో ఉంచుకోండి. వంటగది దగ్గరకు వచ్చినప్పుడు మరల అవసరపడుతుంది.

అన్నట్టు, రాజ్మా లెక్టిన్‌తో మరొక వింత ఉన్నది. అది తెల్లకణాలను తాకితే అవి విభజన చెందడం మొదలుపెడతాయని 1960లో పీటర్ నోవెల్ కనుగొన్నాడు. నేటికీ రక్తం తీసి క్రోమోజోముల పరీక్ష చేసే ప్రయోగశాలలలో కణాలను నిద్రలేపడానికి దీనినే వాడుతున్నారు. అదే సంవత్సరం నోవెల్, హంగర్‌ఫోర్డ్ కలిసి ఒక రకపు రక్త క్యాన్సర్‌లో కనిపించే పొట్టి క్రోమోజోమును ప్రకటించారు. అదే ఫిలడెల్ఫియా క్రోమోజోము.

మన దేహంలోని లెక్టిన్లు

చాలాకాలం ఇవి మొక్కల సొత్తు అనుకొన్నారు. జంతుదేహంలో కూడా ఉన్నవని ఆష్‌వెల్, మోరెల్ అనే శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతంలో కాలేయం మీద చేసిన పనితో రుజువయింది. రక్తంలో తిరిగే అనేక మాంసకృత్తుల చక్కెర గొలుసుల చివర సయాలిక్ ఆమ్లం టోపీవలె ఉంటుంది. కాలం గడిచి ఆ టోపీ ఊడిపోతే క్రిందనున్న గెలాక్టోజు బయటపడుతుంది. కాలేయ కణాల మీది లెక్టిన్ దానిని పట్టుకొని లోపలికి లాగి జీర్ణం చేసివేస్తుంది. పాతబడిన సరుకును ఏరివేసే ఏర్పాటు ఇది.

మరొకటి సెలెక్టిన్ల పని. మీ వేలు కోసుకొని చీము పట్టిందనుకోండి. అక్కడి రక్తనాళపు లోపలి గోడ సెలెక్టిన్లు అనే లెక్టిన్లను బయటకు చాపుతుంది. వేగంగా కొట్టుకొనిపోతున్న తెల్లకణాల మీది చక్కెర గొలుసులు వాటికి తగులుకొని, కణాలు గోడ వెంబడి దొర్లుతూ నెమ్మదించి, నిలబడి, గోడ సందులలో నుండి గాయం వద్దకు చేరుకొంటాయి. నదిలో కొట్టుకుపోయేవాడికి ఒడ్డునున్న రెల్లుగడ్డి చేతికి దొరికినట్లు. ఇంకా సూక్ష్మజీవుల పైనుండే మానోజును పట్టుకొనే లెక్టిన్లు, గెలాక్టోజును పట్టుకొనే గెలెక్టిన్లు, సయాలిక్ ఆమ్లాన్ని చదివే సిగ్లెక్‌లు అని ఎన్నో ఉన్నవి.

క్యాన్సర్ కణం తన గుర్తులు మార్చుకొంటుంది

ఆరోగ్యకణం క్యాన్సర్ కణంగా మారినప్పుడు దాని మీది చక్కెర నూగు కూడా మారుతుంది. కొన్ని గొలుసులు మధ్యలోనే తెగినట్లు పొట్టిగా మిగులుతాయి. కొన్ని కొమ్మలు వేసి పెరుగుతాయి. సయాలిక్ ఆమ్లం మితిమీరి చేరుతుంది. ఈ మార్పుల వలన క్యాన్సర్‌కు లాభం ఉన్నది. పైన చెప్పిన తెల్లకణాల గొలుసుల వంటివే ప్రేగు, క్లోమం మొదలైన చోట్ల పుట్టిన క్యాన్సర్ కణాల మీద కూడా కనిపిస్తాయి. అటువంటి కణం గడ్డ నుండి ఊడి రక్తంలో పడితే, సెలెక్టిన్లను పట్టుకొని దూరపు అవయవంలో దిగి కాపురం పెట్టగలదు. వ్యాధి ఒకచోటి నుండి మరొకచోటికి పాకే మార్గాలలో ఇదొకటి.

మన రక్షణ కణాల మీది సిగ్లెక్‌లకు సయాలిక్ ఆమ్లం "నేను ఇంటివాడినే, ఏమీ చేయవద్దు" అన్న సంకేతం. క్యాన్సర్ కణం ఆ ఆమ్లాన్ని దట్టంగా కప్పుకొని కావలివారి ముందు నుండే దాటిపోతుంది. గెలెక్టిన్-3 అనేది అనేక క్యాన్సర్లలో ఎక్కువై, కణాలు అతుక్కోవడంలో, రక్షణ కణాలను నీరసపరచడంలో పాలుపంచుకొంటున్నది. మొత్తం మీద దేహం తన క్షేమం కోసం ఏర్పరచుకొన్న భాషనే వ్యాధి దొంగిలించి మాట్లాడుతున్నదని చెప్పవచ్చును.

1963లో ఆబ్ అనే వైద్యుని బృందం గోధుమ అంకురం నుండి తీసిన ఒక సరుకు క్యాన్సర్ కణాలను ముద్దకట్టించి, మామూలు కణాలను వదిలివేయడం చూసింది. కారణం ఆ సరుకులో కలిసి ఉన్న లెక్టిన్ అని తరువాత తెలిసింది. "గింజలలోని పదార్థం క్యాన్సర్ కణాన్ని పట్టుకొంటుంది" అన్న మాటకు మూలం ఇటువంటి ప్రయోగాలే. అయితే కథలో రెండవ భాగం ఎవరూ చెప్పరు. 1969లో బర్గర్ మామూలు కణాలను జీర్ణరసంలోని ట్రిప్సిన్‌తో కొద్దిగా తాకించి చూడగా, అవి కూడా అదే విధంగా ముద్దకట్టాయి! ఆ లెక్టిన్‌కు తగిలే చక్కెరలు మామూలు కణం మీద కూడా ఉన్నవి. అంటే, లెక్టిన్ చూసేది చక్కెరనే గాని వ్యాధిని కాదు. గాజుపాత్రలో ఈ తేడా ఉపయోగపడుతుంది. నోటి ద్వారా మ్రింగిన లెక్టిన్ మాత్రం గడ్డను చేరేలోపల మొట్టమొదట కలుసుకొనేది మన ప్రేగు గోడనే. ఆ గోడ మీద ఉన్నన్ని చక్కెర గొలుసులు మరెక్కడ ఉంటాయి?

పప్పు గింజ నుండి రక్తపరీక్ష వరకు

గాజుపాత్రలో ఉపయోగానికి చక్కని ఉదాహరణ మన మసూర్ పప్పు. గర్భస్థ శిశువు కాలేయం తయారుచేసే ఆల్ఫా ఫీటో ప్రోటీన్ అనే పదార్థం పెద్దవారిలో కాలేయ క్యాన్సర్ వచ్చినప్పుడు రక్తంలో పెరుగుతుంది. చిక్కేమిటంటే హెపటైటిస్ వంటి కాలేయ వ్యాధులలోనూ పెరుగుతుంది. క్యాన్సర్ కణం తయారుచేసినదాని చక్కెర గొలుసు మొదట్లో ఒక ఫ్యూకోజు అదనంగా ఉంటుంది. మసూర్ గింజలోని లెక్టిన్ ఆ ఫ్యూకోజు ఉన్నదానిని గట్టిగా పట్టుకొంటుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని ఏర్పడిన పరీక్షే ఎ.ఎఫ్.పి. ఎల్-3. అందులోని ఎల్ అన్న అక్షరం ఈ పప్పు గింజ లెక్టిన్‌ను సూచించేదే.

వేరుశనగ లెక్టిన్ అనేక క్యాన్సర్ల మీద బయటపడే ఒక పొట్టి గొలుసును గుర్తుపడుతుంది. పనస గింజలోని జాకలిన్ కూడా అంతే. ఈ రెండింటి ఆకృతులనూ బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1994, 1996 సంవత్సరాలలో లోకానికి చూపించారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పొట్లకాయ గింజ లెక్టిన్ మీద చాలా పని జరిగింది. మన పెరటి గింజలకు ప్రయోగశాలలలో ఇంత గౌరవం ఉన్నదని తలచుకొంటే సంతోషమే.

ఇక సి.ఎ. 19-9 అన్న పరీక్ష పేరు మీలో చాలామంది ఆరోగ్య పరీక్షల కాగితాల మీద చూసి ఉంటారు. సంపూర్ణ ఆరోగ్య పరీక్ష అని ఒక్క ధరకు ఇరవై పరీక్షలు చేసే చోట్ల దీనిని కూడా చేర్చుతున్నారు. ఇది కొలిచేది సయాలిల్ లూయిస్-ఎ అనే చక్కెర గొలుసును. క్లోమపు క్యాన్సర్‌లో అది పెరుగుతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా, క్లోమం వాచినా పెరుగుతుంది. పుట్టుకతోనే ఆ గొలుసును తయారుచేయలేని మనుషులు కొందరున్నారు. వారికి క్యాన్సర్ ముదిరినా ఈ అంకె పెరగకపోవచ్చును. కనుక ఏ బాధా లేనివారు దీనిని చేయించుకొని అంకె పెరిగిందని నిద్ర మానుకోవడం, తగ్గిందని నిశ్చింతగా ఉండడం, రెండూ తగవు. వ్యాధి నిర్ధారణ అయినవారిలో చికిత్స ఎంతవరకు పనిచేస్తున్నదో తెలుసుకొనడానికి వైద్యుడు అడిగినప్పుడు ఇది విలువైన పరీక్ష.

ఔషధంగా పనికివస్తాయా?

రిసిన్‌లో రెండు ముక్కలున్నాయి. ఒకటి కణం మీది గెలాక్టోజును పట్టుకొని తలుపు తీయిస్తుంది. రెండవది లోపలికి పోయి మాంసకృత్తులను తయారుచేసే రైబోసోములను నిమిషానికి వెయ్యికి పైగా పాడుచేస్తుంది. ఆ రెండవ ముక్కను మాత్రం విడదీసి, క్యాన్సర్ కణాన్ని వెతికే ప్రతిరక్షకానికి అతికి, 1980 దశకం నుండి రోగుల మీద ప్రయత్నించారు. రక్తనాళాలు కారిపోవడం వంటి ఉపద్రవాల వలన అది సాధారణ చికిత్సగా నిలబడలేదు. జర్మనీ, స్విట్జర్లాండులలో ఒక రకపు బదనిక సారాన్ని సూదిమందుగా ఇస్తున్నారు. దానిలోనూ లెక్టిన్ ఉన్నది. క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి తగిన ఆధారం లేదు, అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించలేదు. సెలెక్టిన్‌ను అడ్డుకొనే ఉప్రోలెసెలాన్ అనే మందు మీద ఎన్నో ఆశలు పెట్టుకొన్నారు; 2024లో రక్త క్యాన్సర్ రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో అది ఆయుర్దాయాన్ని చెప్పుకోదగినంతగా పెంచలేకపోయింది. విజయాలు లేకపోలేదు. న్యూరోబ్లాస్టోమా అనే పిల్లల క్యాన్సర్‌లో కణం మీది చక్కెర తగిలిన ఒక కొవ్వును గురిచూసి కొట్టే డైనుటుక్సిమాబ్ అన్న మందుకు 2015లో అమెరికాలో అనుమతి లభించింది.

మా వీధిలోని ఒక గృహస్థు కొన్నేళ్ళ క్రిందట ఒక పొట్లం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయన అక్కగారికి రొమ్ములో గడ్డ. శస్త్రచికిత్సకు తేదీ కూడా నిర్ణయమయింది. పొట్లంలో ఉన్నది గురివింద గింజల పొడి, ఎవరో బంధువులు తెచ్చి ఇచ్చారట. "మాస్టారూ, ఆపరేషను ఒక నలభై రోజులు వాయిదా వేసి ఇది వాడి చూడమంటున్నారు. అక్కయ్యకు కత్తి అంటే భయం. మీరేమంటారు?" అని అడిగారు. పైన వ్రాసినదంతా ఆయనకు ఓపికగా చెప్పాను. గింజ గట్టి పెంకుతో మ్రింగితే ఒక్కొక్కసారి అట్లే బయటకు పోవచ్చును గాని, పొడి చేసినది ప్రాణం తీస్తుందనీ, నలభై రోజులలో గడ్డ ఊరుకొని కూర్చోదనీ చెప్పాను. ఆవిడతో కూడా మాట్లాడాను. పొట్లం లోతుగా గోతిలో పూడ్చివేశారు. శస్త్రచికిత్స అనుకొన్న తేదీకే జరిగింది.

ఆయుర్వేదం గురివిందను వాడలేదా అని మీరడగవచ్చును. వాడింది, కాని గుంజను ఉపవిషాలలో చేర్చి వాడింది. శోధన చేయనిదే ముట్టరాదని శాసించింది. శోధన అంటే గింజలను గుడ్డలో మూటకట్టి దోలాయంత్రంలో వ్రేలాడదీసి, ఆవుపాలలోగాని కాంజికంలోగాని గంటల తరబడి ఉడికించడం. మా పింగాణీ పలక మీద మరగకాచిన చుక్క ఏమీ చేయలేదని చెప్పితిని కదా. వేడికి మాంసకృత్తు ఆకృతి చెడిపోయి చక్కెరను పట్టుకొనే శక్తి పోతుంది. లెక్టిన్ అన్న పేరు పుట్టకముందే మన వైద్యులు అనుభవంతో ఆ మార్గం కనిపెట్టారు. ఇంతమాత్రాన ఇంట్లో ఆ శోధన ప్రయత్నించమని కాదు. అది శిక్షణ పొందిన ఔషధ నిర్మాతల పని.

వంటగదిలో పాటించవలసినవి

రాజ్మాను కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో 30 నిమిషాలు తెర్లనివ్వవలెను. మన ప్రెషర్ కుక్కరు ఇందుకు శ్రేష్ఠం. పచ్చి గింజలలో 20,000 నుండి 70,000 వరకు ఉండే లెక్టిన్ కొలమానం బాగా ఉడికిన తరువాత 200 నుండి 400కు దిగిపోతుంది. సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచే విద్యుత్ పాత్రలలో మాత్రం నేరుగా వండరాదు. 80 డిగ్రీల వేడిలో విషం తగ్గకపోగా పెరగవచ్చును. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా 1 నుండి 3 గంటలలో వాంతులు, విరేచనాలు పట్టుకొంటాయి. చక్కగా ఉడికిన పప్పులు, చిక్కుళ్ళు, పనస గింజలు అందరికీ మంచి ఆహారమే. లెక్టిన్ల భయంతో పప్పు మానుకోనవసరం లేదు.

ఆముదం నూనెలో రిసిన్ ఉండదు. అది నూనెలో కరగదు, గానుగ ఆడిన తరువాత చెక్కలోనే మిగిలిపోతుంది. అందుకనే మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టపొలాల రైతులు ఆముదపు చెక్కను ఎరువుగా వేసేటప్పుడు పశువులు నోరుపెట్టకుండా జాగ్రత్తపడవలెను. కంసాలి తూకపు గురివిందలు, పూసల దండలు, బొమ్మల కళ్ళకు అతికించిన గింజలు చిన్నపిల్లలకు అందరాదు. పిల్లవాడు గురివిందనుగాని ఆముదపు గింజనుగాని కొరికి నమిలినట్లు తెలిస్తే, బాధ కనిపించేవరకు ఆగక, ఉప్పునీరు త్రాగించి కక్కించే ప్రయత్నం చేయక, మిగిలిన గింజను చేతపట్టుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఈ రెండింటికీ విరుగుడు మందు లేదు. ద్రవాలు ఎక్కించి నిలబెట్టడమే చికిత్స. లక్షణాలు కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చును కనుక, పిల్లవాడు ఆడుకొంటున్నాడు కదా అని ఇంటికి తీసుకొని రాక, వైద్యుడు పంపేవరకు అక్కడే ఉంచవలెను.